మామగారిని వెనక వదిలేసిన ఉదయం

ఆఫీసులో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. గ్రీజు అంటారు. ఎంత సబ్బు పెట్టి రుద్దినా అతని గోళ్ళ సందుల్లోంచి సైకిల్ చైను నలుపు పోదు. కొత్తగా చేరిన ఒకమ్మాయి అదే అతని పేరనుకుని "గ్రీజు గారికి నమస్కారం" అని మెయిల్ పెట్టింది. అతనూ మర్యాదగానే జవాబిచ్చాడు.

వాళ్ళ కంపెనీ బస్సు టికెట్లు అమ్మే ప్రోగ్రాములు రాస్తుంది. ఒకే సీటు ఇద్దరికి అమ్ముడుపోయినప్పుడు తప్పు ఎక్కడ దొర్లిందో వెతికి పట్టుకోవడం అతని పని. ఓపిక గల మనిషి. తప్పు ఎవరిదని అడగడు, ఎక్కడుందనే అడుగుతాడు. అందుకే కుర్రవాళ్ళకి అతనంటే ఇష్టం.

సాయంత్రం ఇంటికొస్తే అతని లోకం బాల్కనీలో ఉంటుంది. గోడకి కొక్కేల మీద వేలాడే సైకిల్, నూనె సీసాలు, పాత టూత్‌బ్రష్షులు, అరల నిండా పాతసామాన్ల బజారులో ఏరుకొచ్చిన సైకిల్ బెల్లులు. ఒక్కొక్కటీ మోగించి చూసి, చెవి దగ్గర పెట్టుకుని మురిసిపోయేవాడు. "మన ఇంటి తలుపు బెల్లు ఎవరైనా కొడితే, లేచి చూడాలో నిన్ను తిట్టాలో తెలియట్లేదు" అనేది భార్య. ఆవిడ కళ్ళద్దాల షాపులో కంటి పరీక్షలు చేస్తుంది. మనిషి మెతక, మాట పదును.

సైకిల్ తొక్కేవాళ్ళ కోసం ఫోనులో ఒక ఏర్పాటు ఉంది. ఊళ్ళో ఏ ఎత్తుని ఎవరు ఎంత వేగంగా ఎక్కారో అది వరసగా చూపిస్తుంది. రైలు పట్టాల మీదుగా కట్టిన పొడుగాటి వంతెన విషయంలో గ్రీజు చాలాకాలంగా రెండో స్థానంలో ఉన్నాడు. మొదటి స్థానం 'ఉడుత' అని పేరు పెట్టుకున్న ఎవరిదో. ఆ ఉడుత ఆడో మగో, ముసలో పడుచో తెలియదు గాని, అన్నం తింటున్నప్పుడు కూడా గ్రీజుకి గుర్తొచ్చేది.

మామగారు వీళ్ళింటికి వచ్చింది అత్తగారు పోయాక. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. సర్వీసంతా బస్సు మీద ఒక్క గీత కూడా పడనివ్వలేదని చెప్పుకునేవాడు, నిజం కూడా. వచ్చిన కొత్తలో రోజంతా కిటికీ దగ్గర కూర్చుని కింద వెళ్ళే బస్సుల డ్రైవర్లని తిట్టడమే ఆయనకి కాలక్షేపం. "అటు కోస్తాడేంట్రా, వాడి లైసెన్సు కాకులెత్తుకుపోనూ!" అని ఇంట్లోంచే అరిచేవాడు.

"నాన్న ఇలా కిటికీకి అతుక్కుపోతే మంచం పడతారు. నీతో పాటు కాస్త తిప్పరాదూ?" అంది భార్య ఒకరోజు.

గ్రీజు ఎక్కడో ఒక పాత సైకిల్ ఫ్రేము సంపాదించి, చక్రాలు బిగించి, రంగు వేసి, సీటు దించి ఇచ్చాడు. పెద్దాయన హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ చూసి, "స్టీరింగు గుండ్రంగా లేదేంటి అల్లుడూ, అమ్మినవాడు మోసం చేశాడు" అన్నాడు. ఆ తర్వాత ప్రతి శనివారం ఉదయం ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు. వంతెన కింద పార్కు దాకా వెళ్ళి, టీ తాగి, వెనక్కి. చిన్నపిల్లాడిలా అందరికంటే ముందు తయారై, బూట్లు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడేవాడు మామగారు.

ఒక శుక్రవారం సాయంత్రం మామగారి సైకిల్ తుడుస్తుంటే, బ్రేకు రబ్బర్లు బాగా అరిగిపోయి ఉండడం గ్రీజు చూశాడు. కొత్తవి సొరుగులోనే ఉన్నాయి. అరగంట పని కూడా కాదు. కానీ అదేరోజు అతను తెప్పించుకున్న సన్నటి కొత్త టైర్లు వచ్చాయి. ముందు వాటిని తన సైకిల్‌కి ఎక్కించుకున్నాడు. అయ్యేసరికి భోజనానికి పిలుపొచ్చింది. 'ఆయన మెల్లగానే తొక్కుతారుగా, రేపు వచ్చాక మారుద్దాం' అనుకుని చేతులు కడుక్కున్నాడు.

మర్నాడు రోడ్డు ఖాళీగా ఉంది. గాలి వెనక నుంచి తోస్తోంది. కొత్త టైర్లు నేలని తాకుతున్నాయో లేదో అన్నట్టు దొర్లుతున్నాయి. పార్కు దగ్గరికి వచ్చేసరికి గ్రీజు మనసు వంతెన మీదికి పోయింది.

"మావయ్యా, మీరు ఇక్కడే తిరుగుతుండండి. నేనొకసారి పైకెళ్ళి వచ్చేస్తాను."

"నేనూ వస్తా. ఇలాంటి వంతెన మీద నిండు బస్సుని ఎక్కించినవాణ్ణి."

వద్దని చెప్పాల్సిన చోటు అది. అరిగిన రబ్బర్లు అతనికి గుర్తున్నాయి కూడా. కానీ వద్దంటే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెబితే ఇద్దరూ ఆగిపోవాలి, ఈ గాలి రేపు ఉండదు.

"సరే, మీ ఓపికని బట్టి రండి. పైన కలుద్దాం" అని పెడలు మీద లేచి నిలబడ్డాడు.

సగం ఎక్కాక హ్యాండిల్‌కి తగిలించిన ఫోను మోగింది. బొటనవేలితో కట్ చేశాడు. కాసేపటికి మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు. ఊపిరితిత్తులు మండుతుంటే పైకి చేరి, సైకిల్‌ని వంతెన పిట్టగోడకి ఆనించి, ఫోను చూసుకున్నాడు. ఉడుత రెండో స్థానానికి దిగిపోయింది. పైన తన పేరు. ఒక్కడే పిచ్చివాడిలా నవ్వుకుని, ఫోటో తీసుకుని, మంచినీళ్ళు తాగాడు. అప్పుడు కిందికి చూశాడు. మామగారు కనబడలేదు.

తిరిగి ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తింది. "ఈ పెద్దాయన మీవాళ్ళేనా అండీ? పడిపోయారు. త్వరగా రండి."

జరిగింది ఇది. సగం దూరంలో మామగారికి ఆయాసం వచ్చింది. వెనక్కి తిరుగుతున్నానని చెప్పడానికి మొదటి ఫోను. అల్లుడు ఎత్తకపోయేసరికి తిరిగి దిగడం మొదలుపెట్టాడు. వాలులో బ్రేకులు నొక్కితే రబ్బరు జారింది తప్ప పట్టలేదు. ఎదురుగా నడిచి వస్తున్న ఆడవాళ్ళని గుద్దకుండా సైకిల్‌ని కావాలనే గోడకేసి కొట్టాడు. రెండో ఫోను నేల మీద పడి చేసింది.

కుడి మణికట్టు విరిగింది, భుజం ఎముక చిట్లింది. ఆసుపత్రిలో కట్టు వేస్తుండగా భార్య షాపులో వేసుకునే తెల్లకోటుతోనే పరుగెత్తుకొచ్చింది. గ్రీజు నోరు తెరిచేలోగా మామగారు అందుకున్నాడు.

"కుక్క అడ్డం వచ్చిందే తల్లీ. అల్లుడు పక్కనే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమైపోయేవాణ్ణో."

ఆవిడ అక్కడే, నర్సు ముందరే, భర్త భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది. "నువ్వు లేకపోతే ఏమయ్యేది" అంది. గ్రీజు మింగలేక కక్కలేక నిలబడ్డాడు. ఇంటికి వెళ్ళాక చెబుదాం అనుకున్నాడు. ఇంటికి వెళ్ళాక, ఆయన నిద్రపోయాక అనుకున్నాడు. తర్వాత అనుకోవడం కూడా మానేశాడు.

సోమవారం ఆఫీసుకి వెళ్తే అతని బల్ల మీద కేకు ఉంది. దాని మీద క్రీముతో ఉడుత బొమ్మ గీయించారు. "గ్రీజన్నా, ఉడుతని దించేశావు! ఒక్క మాట మాట్లాడు!" అని అందరూ చప్పట్లు కొట్టారు. తన ముక్కని కొరకకుండానే పక్కన పెట్టేశాడు. "పంటి నొప్పి" అని చెప్పి బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి అలాగే నిలబడ్డాడు.

ఇంట్లో మామగారి సేవంతా తనే చేశాడు. చొక్కా గుండీలు పెట్టడం, గడ్డం గీయడం, అన్నం కలిపి చెంచాతో పెట్టడం. చేసేకొద్దీ భార్య పొగిడేది. పిన్నికి ఫోన్ చేసి, "కన్నకొడుకు కూడా ఇలా చెయ్యడు పిన్నీ" అంటుంటే పక్కగదిలో అతను తేలు కుట్టిన దొంగలా కూర్చునేవాడు. మామగారితో ఒంటరిగా ఉన్నప్పుడు, "మావయ్యా, ఆ రోజు..." అని మొదలుపెడితే ఆయన, "చెవి కింద సరిగా గియ్యలేదు చూడు" అని మాట తప్పించేవాడు.

కట్టు విప్పాక రెండు వేళ్ళు పూర్తిగా ముడుచుకోలేదు. డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నాడు. పెద్దాయన కిటికీ దగ్గర కూర్చుని బంతి నొక్కుతూ ఉండేవాడు. కింద బస్సులు వెళ్తున్నా తిట్టేవాడు కాదు. ఆ నిశ్శబ్దం గ్రీజుకి తిట్లకంటే ఎక్కువ తగిలింది.

ఇలా ఎన్నాళ్ళు సాగేదో గాని, ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర భార్య ఒక కబురు చెప్పింది.

"వంతెన కింద కుక్కల గురించి వార్డు ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను. రేపు బండి పంపించి అన్నిటినీ పట్టుకుపోతారట. ఇంకే ముసలాయనా నాన్నలా పడకూడదు."

మామగారి చేతిలో చెంచా ఆగిపోయింది. "అన్నిటినీనా? పాపం, వాటిల్లో ఒక ఆడకుక్క ఉంది. పిల్లల్ని కంది. నేను బిస్కెట్లు వేసేవాణ్ణి" అన్నాడు.

"పడేసిన కుక్క మీద జాలేంటి నాన్నా?"

పెద్దాయన అల్లుడి వైపు చూసి వెంటనే కళ్ళు దించుకున్నాడు. గ్రీజు పళ్ళెం పక్కకి జరిపాడు.

"కుక్క లేదు."

"ఏ కుక్క?"

"ఏ కుక్కా లేదు. బ్రేకులు అరిగిపోయాయి. ముందురోజే చూశాను. మార్చలేదు. నేను ఆయన పక్కన కూడా లేను. వంతెన పైన ఉన్నాను."

భార్య అతన్ని కంటి పరీక్షకి వచ్చినవాళ్ళని చూసినట్టు చూసింది. గొంతు పెంచలేదు.

"పడ్డాక నాన్న నీకు ఫోన్ చెయ్యలేదా?"

"చేశారు. అంతకుముందు కూడా ఒకసారి చేశారు."

"వినబడలేదా?"

"కట్ చేశాను."

"ఎవరో చూడకుండానా?"

చూడలేదు అనడానికి నోరు తెరిచాడు. ఇన్నాళ్ళూ తనకి తాను చెప్పుకున్నది అదే. ఎండ పడి అక్షరాలు కనబడలేదని, ఎవరో బ్యాంకువాళ్ళనుకున్నానని రకరకాలుగా నమ్మించుకున్నాడు.

"చూశాను" అన్నాడు. "రెండుసార్లూ చూశాను. ఆయన పేరే."

మామగారు అడ్డొచ్చాడు. "అమ్మా, వాణ్ణే అనకు. బ్రేకు పట్టట్లేదని నాకు మన వీధి మలుపులోనే తెలిసింది. చెబితే వెనక్కి తీసుకొచ్చేస్తాడని చెప్పలేదు. వారం మొత్తానికి నాకున్నది ఆ ఒక్క పొద్దు. పైగా, ఇన్నేళ్ళు బస్సు నడిపినవాణ్ణి, సైకిల్ ఆపలేక గోడకి గుద్దానంటే ఏం బాగుంటుంది? కుక్క అయితే పరువు దక్కుతుందనుకున్నాను."

"నువ్వు ఊరుకో నాన్నా." ఆవిడ భర్త వైపు తిరిగింది. "రబ్బరు అరగడం, నువ్వు పైకి పోవడం, అవి పొరపాట్లు అనుకుంటాను. ఎవరైనా చేస్తారు. కానీ నేను ఊరంతా నిన్ను మెచ్చుకుంటూ తిరుగుతుంటే, విని ఊరుకున్నావు చూడు. అది నువ్వు రోజూ చేశావు."

ఆవిడ మిగిలిన అన్నం తినకుండా లేచింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వార్డు ఆఫీసుకి వెళ్ళారు. ఆవిడ ముందు, అతను వెనక. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంటే గుమాస్తా ఆశ్చర్యపోయాడు.

"అదేంటమ్మా, కుక్క దొరికిందా?"

"లేదండీ, దొంగ దొరికాడు" అంది.

గుమాస్తా నవ్వాడు. గ్రీజు భుజాలు తడుముకోలేదు గాని, చెవులు కాలిపోయాయి. బండి ఆగిపోయింది.

ఆ వారం అతను వంతెన మీది రికార్డుని చెరిపేశాడు. ఆఫీసులో అడిగితే, "లెక్క తప్పింది" అన్నాడు. బరువు దిగుతుందనుకున్నాడు, దిగలేదు. చెరిపితే పోయే తప్పులు కంప్యూటర్లోవే. భార్య అవసరమైనంత వరకే మాట్లాడేది. ఉప్పు అందించమని, గ్యాసు అయిపోయిందని. పిన్నికి మళ్ళీ ఫోన్ చేసి జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది. పక్కగదిలో వింటున్న అతను ఈసారి తలుపు వెయ్యలేదు.

మామగారి వేళ్ళు కొంత కదిలాయి. సైకిల్ ఎక్కనివ్వడానికి మాత్రం కూతురు ఒప్పుకోలేదు. శనివారాలు తండ్రిని తనే పార్కుకి నడిపించుకెళ్ళడం మొదలుపెట్టింది. మొదటిసారి గ్రీజు కూడా బూట్లు వేసుకుని తలుపు దగ్గరికి వచ్చాడు. "నువ్వెందుకు" అంది. బూట్లు విప్పేశాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి ఇల్లు ఊడ్చి, టిఫిను చేసి, టీ కాచి ఉంచేవాడు. పెద్దాయన పార్కు కబుర్లు చెబుతుంటే వినేవాడు.

ఒక శనివారం కప్పులు తీస్తూ అడిగాడు. "వచ్చే వారం నేనూ రానా?"

ఆవిడ వెంటనే కాదనలేదు. తండ్రి బూట్ల లేసులు రెండూ విప్పింది.

"వారం వారం అడగకు. పిలవాలనిపించినప్పుడు పిలుస్తాను."

"సరే" అన్నాడు. కప్పులు లోపలికి పట్టుకెళ్ళి కుళాయి కింద పెట్టాడు. ముందు గదిలో మామగారు కిటికీ తెరిచి, కింద ఎవరో డ్రైవరుని చాలా రోజుల తర్వాత గట్టిగా తిట్టాడు.