పేట జట్టుకు వెళ్లిన మాబు మాస్టారు

మిరపకాయల బస్తా మూతి కుట్టడంలో షేక్ మాబు సాహెబును మించినవాడు గుంటూరు కొట్లలో లేడని పేరు. ఆ పేరంటే ఆయనకు ఒళ్లు మంట. తాను ఫుట్‌బాల్ మనిషిననీ, దబ్బనం పట్టింది పొట్ట కోసమేననీ ఆయన అభిప్రాయం. వయసులో ఉండగా రైల్వే వాళ్ల జట్టులో రెండు సీజన్లు ఆడాడు. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక, తాను ఆడలేకపోయిన ఆటంతా ఇంకొకళ్లకు నేర్పడం మొదలుపెట్టాడు.

నేర్పింది మిర్చి కొట్లలో బస్తాలు మోసే హమాలీలకు. తెల్లవారి లారీలు వచ్చేలోగా గోడౌన్ల వెనక ఖాళీ స్థలంలో ఆడేవాళ్లు. ఒక్కడి కాలికీ బూటు లేదు. వాళ్ల ఒంటి నిండా మిరప దుమ్మే కాబట్టి, ఎదుటి జట్టువాడు వచ్చి ఢీకొన్నాడంటే తుమ్ముతూ వెనక్కి పోవలసిందే. సగం కప్పులు ఆ తుమ్ముల పుణ్యమేనని గిట్టనివాళ్లు అనేవాళ్లు.

పదకొండేళ్ల పాటు మాబు మాస్టారు ఒక్క పైసా పుచ్చుకోలేదు. గెలిచిన రోజు పునుగుల పొట్లం, టీ. అంతే. దానికి బదులుగా ఎవర్నైనా, ఎంతసేపైనా తిట్టే హక్కు ఆయనకుండేది. గోల్ దగ్గర కాపలా కాసే గోలీ యలమందయ్య వాటాకు అందులో సగం వచ్చేది. ఆరడుగుల మనిషి, నూటపాతిక కిలోల బస్తాను దిండులా ఎత్తేవాడు. "ఒరేయ్ యలమందా, బంతి వస్తుంటే గుళ్లో హారతి చూసినట్టు చూస్తావేంట్రా?" అని మాస్టారంటే, "ముందున్న నలుగురూ ఏం పీకుతున్నారో వాళ్లనడగండి" అని అతను అక్కణ్ణుంచే అరిచేవాడు. ముందున్న నలుగురూ వెనక్కి తిరిగి అతన్ని తిట్టేవాళ్లు. ఆ గోల చూసి కొత్తవాళ్లు జట్టు చీలిపోయిందనుకునేవాళ్లు. అది రోజూ జరిగేదే.

ఎనభై మూడు వేసవిలో చిలకలూరిపేట నుంచి ఒక కారు వచ్చి కొట్టు ముందు ఆగింది. అందులోంచి దిగినాయన పత్తి మిల్లు యజమాని నాగభూషణం. ఆయన మిల్లుకూ ఒక ఫుట్‌బాల్ జట్టుంది. బూట్లున్నాయి, జెర్సీలున్నాయి, లేనిదల్లా గెలుపే. మూడేళ్లుగా హమాలీల చేతిలో ఓడిపోతున్నారు.

ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని బస్తాల మధ్య నిలబడ్డాడు. "మాబు గారూ, మా జట్టుకి కోచ్‌గా రండి. నెలకి ఆరు వందలు. రానూపోనూ బస్సు చార్జీ కూడా మాదే."

"ఆలోచించుకుని చెబుతానండి," అన్నాడు మాబు, ఎంతో నిబ్బరంగా.

"అన్నట్టు ట్రాక్‌సూటు కూడా కుట్టిస్తాం. నీలంది. వీపు మీద 'కోచ్' అని తెల్లక్షరాలు."

ఆలోచన అక్కడితో అయిపోయింది.

ఇంటికెళ్లి భార్య జోహరాబీకి చెప్పాడు. "డబ్బు కోసం కాదే. ఆట కోసం వెళ్తున్నా."

జోహరాబీ బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "ఆట ఇక్కడ లేదా?"

ఆయన చెప్పులు విప్పి మూలకు పెట్టాడు.

"డబ్బు కోసమే వెళ్తున్నానని చెప్పు," అంది ఆవిడ. "మర్యాదగా ఉంటది."

మర్నాడు హమాలీలకు చెప్పడానికి మాస్టారు ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాడు. "ఆట అనేది ఒక పెద్ద సముద్రం లాంటిది..." అని మొదలుపెట్టాడో లేదో, "పేటకి వెళ్తున్నారంటగా మాస్టారూ," అన్నాడు యలమందయ్య. కారు డ్రైవరు నిన్ననే టీ కొట్లో అంతా చెప్పేశాడట. సముద్రం అక్కడే ఇంకిపోయింది.

వాళ్లు తిడతారనుకున్నాడు. తిడితే తిరిగి తిట్టవచ్చని మనసులో నాలుగు మాటలు కూడా పెట్టుకున్నాడు. ఆ మాటల అవసరమే రాలేదు. చివరికి యలమందయ్యే బంతి చంకలో పెట్టుకుని, "మంచిది, వెళ్లండి మాస్టారూ. పదకొండేళ్లు ఊరికే తిట్టారు, ఇకనన్నా జీతానికి తిట్టండి," అన్నాడు. ఆ మాటకు అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వాడు.

పేటలో తీరా చూస్తే తిట్టే వీలే లేదు. మిల్లు కుర్రాళ్లు వరసగా నిలబడి, ఏం చెప్పినా "యస్ సార్" అనేవాళ్లు. తప్పు చేసి "యస్ సార్", మళ్లీ అదే తప్పు చేసి "యస్ సార్". సెంటర్ ఫార్వర్డ్ పేరు శేషగిరి. కాలి కంటే ముందు పొట్ట బంతి దగ్గరికి చేరే శరీరం. మొదటి రోజే మాస్టారు "ఒరేయ్..." అని గొంతెత్తాడు. మైదానమంతా బిగుసుకుపోయింది. పక్కనున్న కుర్రాడు చెవిలో చెప్పాడు: "ఓనరు గారి బావమరిది సార్."

ఎత్తిన గొంతును మాస్టారు మెల్లగా దించాడు. "అదే... శేషగిరి గారూ, తమరు కాస్త పరుగెత్తితే బాగుంటుందేమోనండీ."

"యస్ సార్," అన్నాడు శేషగిరి నడుస్తూనే.

ట్రాక్‌సూటు మాత్రం అద్భుతంగా కుదిరింది. మే నెల ఎండలో, గంటన్నర బస్సులో, మెడదాకా జిప్పు లాక్కుని కూర్చునేవాడు. జ్వరమా అని కండక్టరు అడిగాడు కూడా. మాస్టారు జవాబివ్వకుండా, వీపు కనబడేలా కిటికీ వైపు తిరిగాడు.

డిసెంబరులో గుంటూరులో పోటీలు పెట్టారు. ఫైనల్‌కు ఒక పక్క నుంచి హమాలీలు, ఇంకో పక్క నుంచి పేట మిల్లు వచ్చాయి. నాగభూషణం కోచ్‌ను ఆఫీసు గదిలోకి పిలిచి ఫ్యాను వేశాడు.

"మీ పాత జట్టు లోపాలు మీకంటే ఎవరికి తెలుసు? ఆ గోలీ సంగతేంటి?"

గోలీ సంగతి మాస్టారుకు బాగా తెలుసు. యలమందయ్య చిన్నప్పటి నుంచీ కుడి భుజం మీదే బస్తా మోశాడు. ఒళ్లంతా అటే అలవాటు పడిపోయింది. కుడివైపు పులిలా దూకుతాడు, ఎడమవైపు అర క్షణం ఆలస్యం. అది ఎవరికీ తెలియకుండా గోల్‌లో ఒకడుగు ఎడమకు జరిపి నిలబెట్టింది మాస్టారే. ఆ రహస్యం జట్టు దాటి బయటికి పోలేదు.

"రేపు చెబుతానండి," అని ఇంటికొచ్చేశాడు. అన్నం సహించలేదు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ, ఓనరు అడిగిన సంగతి జోహరాబీకి చెప్పాడు.

"జీతం తీసుకుంటన్నావా?"

"ఊఁ."

"ఎవరి దగ్గర?"

"పేటవాళ్ల దగ్గర."

"మరింకేం. చెప్పేసి అన్నం తిను."

చెప్పేశాడు. గోలీకి ఎడమవైపు, నేల మీదుగా కొట్టండి అని మిల్లు కుర్రాళ్లతో వారం రోజులు అదే పని చేయించాడు. చేయిస్తున్నంతసేపూ ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టు అనిపించి, రెండుమూడుసార్లు తిరిగి కూడా చూశాడు.

ఆట మొదలైన ఐదో నిమిషంలో పేట కుర్రాడు సరిగ్గా చెప్పినట్టే ఎడమకు కొట్టాడు. యలమందయ్య అటు దూకి బంతిని గుండెకు హత్తుకున్నాడు. అదృష్టం అనుకున్నాడు మాస్టారు. పదిహేనో నిమిషంలో మళ్లీ ఎడమ, మళ్లీ పట్టాడు. మూడోసారి బంతి ఇంకా కాలు దాటకముందే అతను ఎడమవైపు గాల్లో ఉన్నాడు. మాస్టారు "అబ్బా, ఏం పట్టాడ్రా!" అని లేచి చప్పట్లు కొట్టబోయి, పక్కన నాగభూషణం ఉన్నాడని గుర్తొచ్చి ఆ రెండు చేతులతోనే దోమను కొట్టినట్టు నటించాడు. పట్టపగలు.

ఈలోగా హమాలీలు రెండు గోల్స్ వేశారు. ఇంక ఐదు నిమిషాలుందనగా శేషగిరి దగ్గరికి బంతి వచ్చింది. అందరూ "ఎడమ, ఎడమ" అని అరిచారు. అతను ఎడమకే గురిచూశాడు పాపం. అది కుడివైపు పోయి గోల్‌లో పడింది. ఎడమవైపు దూకేసి నేల మీదున్న యలమందయ్య, వాకిట్లోంచి దొంగ పోతుంటే చూసినట్టు దాన్ని చూశాడు. రెండూ ఒకటితో పేట ఓడిపోయింది.

నాగభూషణానికి కోపం రాలేదు. బావమరిది భుజం తట్టి, "కోచ్ గారూ, మీరు చెప్పినట్టు కొట్టినవాళ్లంతా పోగొట్టారు, మావాడొక్కడే వేశాడు," అన్నాడు. శేషగిరిని సెంటర్ ఫార్వర్డ్ స్థానం నుంచి కదపడం ఇక ఎవరి తరమూ కాదని మాస్టారుకు అర్థమైపోయింది.

మైదానం బయట టీ కొట్టు దగ్గర యలమందయ్య కనబడ్డాడు. మాస్టారు నేరుగా అతని దగ్గరికి వెళ్లాడు. "ఎవడు నేర్పాడ్రా నీకు ఎడమకి దూకడం?"

యలమందయ్య చొక్కా పక్కకి లాగి చూపించాడు. ఎడమ భుజం మీద తోలు ఊడి, మానీ, మళ్లీ ఊడి, నల్లగా కాయ కట్టింది. "మీరెళ్లిన రోజు నుంచి ఈ భుజానే మోస్తన్నా. మొదటి నెల రెండుసార్లు బస్తాతో సహా పడ్డా."

"నేను చెప్పేస్తానని అనుకున్నావన్నమాట." అన్నాడు మాస్టారు.

"చెప్పరా మరి? వాళ్ల జీతం తింటా వాళ్ల దగ్గర దాచిపెడతారా?" యలమందయ్యకు ఆ ప్రశ్నే అర్థం కానట్టుంది. "దాచే మనిషైతే మీ చేత పదకొండేళ్లు తిట్లెందుకు తింటాం మాస్టారూ? ఏం మోమాటపడతారులే, ఖాయంగా చెప్తారు అని అందరం అనుకునే దిగాం."

మాస్టారు జిప్పు కిందికి లాగి, ముఖం తుడుచుకుని, "ఆ రెండో బంతికి మోచెయ్యి అంత ఎత్తున ఎందుకు పెట్టావు? కడుపులో తగిలితే చచ్చేవాడివి, వెధవా," అన్నాడు.

"ఇది జీతానికా, ఊరికేనా?" అని నవ్వాడు యలమందయ్య. "టీ మాత్రం మీరే ఇప్పించాలి."

మాబు మాస్టారు పేట జట్టు వదిలి రాలేదు. ఐదు సీజన్లు అక్కడే చేశాడు. శేషగిరి ఐదు సీజన్లూ ఆడాడు. ఆ ఐదేళ్లలో హమాలీలు మూడుసార్లు గెలిచారు, పేట రెండుసార్లు గెలిచింది. ఆయన ఇంటి నుంచి బస్టాండుకు దగ్గర దారి గోడౌన్ల వెనక స్థలం పక్కనుంచే. మామూలు రోజుల్లో అటే వెళ్లేవాడు. పోటీలు దగ్గర పడ్డాయంటే మాత్రం రైలు పట్టాలు దాటి, బ్రాడీపేట మీదుగా మైలున్నర చుట్టు తిరిగి బస్టాండు చేరేవాడు.

"ఎందుకా చుట్టు తిరుగుడు, మోకాలు నెప్పి పెట్టుకుని?" అని జోహరాబీ అడిగితే, "అటెళ్తే వాళ్ల ఆట కళ్లబడుద్ది. కళ్లబడిందంటే ఓనరుకు చెప్పాలి కదే," అని చెప్పులు తొడుక్కునేవాడు.