గరికకు రెండు బస్తాల ఉప్పు

అమలాపురం దగ్గర ఒక హైస్కూల్లో వ్యవసాయం చెప్పడానికి నన్ను ఏడాదికి తీసుకున్నారు. ఆ తరవాత ఖాయం చేయడం స్కూలు కమిటీ ప్రెసిడెంటుగారి చేతిలో ఉంది. పాఠాలతో పాటు ఆటస్థలంలో గరిక పెంచే పని కూడా నాదే. ఇసుక నేల కావడంతో పడ్డ పిల్లలకల్లా మోకాళ్లు చెక్కుకుపోయేవి.

నేలకు ఏం కలపాలో ముందు కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, ఏడాది మాగిన పశువుల ఎరువు; పచ్చి పేడయితే కలుపు మొలుస్తుంది. రెండు, కాలవ పూడిక మట్టి. ఇసుకలో తడి ఆగుతుంది. మూడు, వేపపిండి, బలం నెమ్మదిగా అందుతుంది. కొబ్బరి పొట్టు ఊరికే ఇస్తామన్నారు గాని, అది ఉప్పునీటి గుంటల్లో నానిన పీచుది. ఉప్పు గరికకు పడదని జాబితాలోంచి కొట్టేశాను.

గరిక బాగా అల్లుకుంది. అప్పుడు ప్రెసిడెంటుగారు బండి మీద రెండు బస్తాల ఉప్పు తెచ్చారు. ఆయనది పెద్ద కొబ్బరితోట. కొబ్బరిచెట్ల మొదళ్లలో ఉప్పు వేయడం ఆ వైపు అలవాటే.

"చల్లించండి మేస్టారూ. మా చెట్లు చూసేరు కదా, ఎలా కాస్తన్నాయో."

"కొబ్బరికి సరేనండీ. గరిక మాడిపోద్దండి."

"మా తాతగారి నాటి నుంచీ వేస్తన్నాం. నాలుగు పుస్తకాలు చదివొచ్చి మాకే చెబుతున్నారా?"

"ఆయ్, చెబుతున్నానండి."

బండివాడు నవ్వబోయి దగ్గాడు.

నేను చల్లించలేదు. ఆదివారం నేను ఊళ్లో లేనప్పుడు ఆయన మనుషులు ఉత్తరం సగంలో చల్లి నీళ్లు పెట్టారు. పది రోజుల్లో ఆ సగం మాడింది. దక్షిణం సగం పచ్చగానే ఉంది.

కమిటీ సమావేశంలో ప్రెసిడెంటుగారు నా ముందు తెల్లకాగితం పెట్టారు.

"వేపపిండి వేడి చేసిందని రాసెయ్యండి. మీ ఉద్యోగం సంగతి నేను చూస్తాను."

"వేపపిండి రెండు సగాలకీ వేశానండి."

"రాయండి మేస్టారూ."

రాశాను. ఉత్తరం సగం: ఉప్పు, రెండు బస్తాలు. ఎవరు తెచ్చిందీ, ఎవరు చల్లిందీ వేరువేరు వరసల్లో రాసి, సంతకం చేసి, కాగితం ఆయన వైపు తిప్పాను.

"ఇలాగైతే ఇంకెక్కడ పని చేస్తారండీ మీరు?"

"ఎక్కడ చేసినా ఇలాగే రాస్తానండి."

ఉద్యోగం ఖాయం కాలేదు. సెలవులిచ్చేదాకా రోజూ ఉత్తరం సగానికి కాలవ నీళ్లు నిండుగా పెట్టించి, ఉప్పు కడిగిన ఆ నీటిని బయటికి తీయించాను. నన్నెవరూ చేయమనలేదు. ఆఖరి రోజుకల్లా దక్షిణం వైపు నుంచి గరిక తీగలు మాడిన నేల మీదికి మూరెడు పాకి, కణుపుల దగ్గర వేళ్లు దించాయి. టేపుతో కొలిచి, రిజిస్టరులో ఎక్కించి, తాళాలు ఇచ్చేశాను.