పొగ వాసన రాగులు

నా బడి ఏడో తరగతితో ఆగింది, చదువు మాత్రం ఆగలేదు. సూరత్ వచ్చిన కొత్తలో దుకాణాల బోర్డులు చూసి గుజరాతీ అక్షరాలు పట్టుకున్నాను. చీరల మార్కెట్‌లో మడతల పని అయిపోగానే గ్రంథాలయానికి వెళ్లి, తలుపులు మూసేదాకా కూర్చునేవాణ్ణి. సూరత్‌కు అవతల కొండల్లో ఉన్న డాంగ్ అడవి గురించి అక్కడ దొరికిన పుస్తకాలన్నీ చదివాను. అభయారణ్యం అంచున ఉండేవాళ్లు కొండవాలు పొలాల్లో రాగులు పండిస్తారు. వాటికి మంచి గిరాకీ ఉంటే కొత్త పొలం కోసం చెట్లు కొట్టే అవసరం రాదు, ఎరువులూ పురుగుమందుల సంచులూ మోసే అవసరమూ రాదు. ఇంత తెలిశాక ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు.

అలాంటి ఊరి నుంచే ఒకామె ప్రతి ఆదివారం సూరత్‌లో మేముండే పర్వత్ పాటియాలో మా సందు మొదట్లో రాగుల సంచి పెట్టుకుని కూర్చునేది. చాలామంది చూసి ముందుకు పోయేవారు. మా తెలంగాణవాళ్లు మాత్రం "గివి తైదలే గదా" అని ఆగేవారు. రాగుల్ని మేం తైదలంటాం. నేను ఇల్లిల్లూ తిరిగి పన్నెండు ఇళ్లవాళ్లను ఒప్పించాను, ఆమె దగ్గరే కొనాలని. ఆమె దగ్గర కూడా మాట తీసుకున్నాను, వానలు పడేదాకా ఒక్క ఆదివారం కూడా తప్పకూడదని.

"మాటంటే మాటే భాయ్" అంది ఆమె.

ఆ ఎండాకాలం మా సందంతా అంబలే. వానలు దగ్గరపడ్డాక ఒక ఆదివారం ఆమె తెచ్చిన సంచి చిన్నది. పక్కింటి అక్క గుప్పెడు తీసి వాసన చూసింది.

"ఏంది తమ్మీ, తైదలు పొగ వాసనొస్తున్నయ్. పొయ్యిల వడి లేచినయా?"

"అడవి వాసన అక్కా. పట్నంల ఏడ దొరుకుతది?"

"దొరకకుంటేనే మంచిగుండె" అంటూనే అందరికంటే ఎక్కువ తీసుకుంది.

మర్నాడు సాయంత్రం గ్రంథాలయంలో కొండ ఊళ్లలో గింజలు దాచుకునే పద్ధతుల మీద ఒక పుస్తకం చేతికొచ్చింది. పంట కోసేటప్పుడు మేలైన కంకులు ఏరి, పొయ్యి పైన దూలానికి వేలాడదీస్తారట. పొగకు పురుగు పట్టదు. అవి విత్తనాలు, ఎంత కరువొచ్చినా తినరు.

ఆ పేజీ దగ్గరే నా చదువు ఆగిపోయింది. మాది మగ్గాల ఇల్లు, పొలం సంగతులు మాకేం తెలుసు? తిండి గింజలు అయిపోయినా, నాకిచ్చిన మాట కోసం ఆమె విత్తనాలు దులిపి తెచ్చింది. అది వాళ్ల అత్త విత్తనమని, ఊళ్లో మిగతావాళ్లంతా ప్యాకెట్ గింజలకు మారారని ఒకసారి తనే చెప్పింది. అది పోతే మళ్లీ తెచ్చుకునే చోటు లేదు.

అక్కడి నుంచే లేచి ఇళ్ల మీద పడ్డాను. ఐదిళ్లవాళ్లు అప్పటికే పిండి పట్టించేశారు. ఒక పెద్దాయన డబ్బా మూత తియ్యకుండా నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"కొనుమని తిరిగినవు, ఇప్పుడు వాపస్ ఇయ్యుమని తిరుగుతున్నవు. ఎలక్షన్ల నిలవడుతున్నవా ఏంది?"

సంగతి చెప్పేసరికి ఆయన డబ్బా మొత్తం సంచిలో వంపేశాడు. పక్కింటి అక్క మాత్రం నీళ్లు కారుతున్న గుడ్డమూట తెచ్చి చూపించింది.

"నానవెట్టి కట్టిన. మొలకలైతే బలమని నువ్వే జెప్తివి గదా."

చెప్పింది నేనే, అదీ పుస్తకంలో చదివే. పనికిరాకపోయినా పారెయ్యడానికి చేతులు రాక ఆ మూట కూడా పట్టుకున్నాను. మంగళవారం పని మానేసి డాంగ్ బస్సెక్కాను. ఘాట్ రోడ్డు మీద వాన మొదలైంది. ఆ ఏడాది మొదటి వాన.

నేను వెళ్లేసరికి ఆమె నారుమడి దగ్గరుంది. మడిలో ఆకూ అలమూ కాల్చిన బూడిద అప్పుడే తడిసి నల్లగా ఉంది. సంచి ఇచ్చాను. మూతి విప్పి వాసన చూసింది.

"మా అత్త బతికుంటే మనిద్దర్నీ కట్టెతో కొట్టేది భాయ్."

"నాకే రెండు ఎక్కువ పడేవి బెన్" అన్నాను, గుజరాతీలో అక్కను పిలిచినట్టే. తర్వాత గుడ్డమూట ముందు పెట్టి, ఇవి పాడైపోయాయని చెప్పాను.

ఆమె ముడి విప్పింది. ప్రతి గింజకూ నువ్వుగింజంత తెల్లటి మొలక. ఆమె పగలబడి నవ్వింది.

"పాడవడమేంటి? వాన పడింది, మడి తడిసింది. ఇవి మనకంటే ఒక రోజు ముందున్నాయి."

ముందు వాటినే చల్లింది. నన్ను మడి గట్టు దిగనివ్వలేదు.

దీపావళి తర్వాత ఒక ఆదివారం ఆమె మళ్లీ మా సందు మొదట్లో సంచి దించింది. పక్కింటి అక్క అలవాటుగా గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, తన వచ్చీరాని హిందీలో అడిగింది, ఈసారి పొగ వాసన లేదేమని.

"పొగవి ఇంట్లోనే ఉన్నాయి బెన్, పొయ్యి పైన దూలానికి" అంది ఆమె.

నేను తెలుగులో చెప్పాను. అక్క గుప్పెడు గింజల్ని మళ్లీ సంచిలో వదిలింది.

"గట్లనే ఉండనియ్యి. నాకు గివి రెండు కిలోలు వెయ్యుమను."