మా పెద్దమ్మ పెరట్లో కోయిల

మా పెద్దమ్మ కర్టెన్ల షాపులో కుట్టుపని చేస్తుంది. ఎంత పనున్నా పొద్దున్నే వంటింటి కిటికీ దగ్గర పావుగంట నిలబడాల్సిందే. పెరట్లో ఏ పిట్టలు వాలాయో, దానిమ్మ ఎప్పుడు మొగ్గ తొడిగిందో చూసి ఫోన్‌లో పిట్టల సర్వేవాళ్ళకు పంపుతుంది. పైసా ఇవ్వరు. మామూలు జనం పంపే ఇలాంటి సంగతులతోనే ఋతువులు ఎటు జరుగుతున్నాయో వాళ్ళు తేలుస్తారట. "పిచ్చుకలు మూడు, అవీ కొట్టుకుంటున్నాయి" అని రాసే రకం ఆవిడ. కొట్లాటలకు తమ ఫారంలో గడి లేదని వాళ్ళు మొత్తుకున్నా వినదు.

వీధి మొత్తంలో కోయిల కూసేది ఆవిడ పెరట్లోనే. ఏటా దానిమ్మ మొగ్గ తొడగ్గానే మొదలయ్యేది. ఒక్కసారీ కంటబడలేదు, వినిపించడమే. దాంతో ఆవిడకు కాస్త తలెగరేత కూడా. వీధిలో ఇంకెవరికీ వినబడలేదంటే, "వాళ్ళకు చెవులుంటే కదే!" అనేది. అది కూసే వేళకు పెదనాన్న బాత్రూంలో గడ్డం గీసుకుంటూ ఉండేవారు. బయటికి రాగానే, "అయ్యో, ఈసారీ మీరు వినలేదు" అని జాలిపడేది.

పెదనాన్న బస్సు డ్రైవరు. చలికాలం మొదట్లో గుండె ఆగి పోయారు. మేమంతా ఏడ్చాం. పెద్దమ్మ అందరికీ మంచినీళ్ళిచ్చింది. ఎవరో పార్సిల్ తెచ్చి "సార్ ఉన్నారా?" అంటే, "డ్యూటీకెళ్ళారు" అని తీసుకుంది. నాకు భయమేసింది.

"ఒక్కసారి ఏడు పెద్దమ్మా" అన్నాను.

"రావట్లేదే. లోపల మొద్దుబారిపోయింది. కోయిల కూయనీ, చూద్దాం."

ఇక ప్రాణమంతా దాని మీదే పెట్టుకుంది.

దానిమ్మ మొగ్గ తొడిగింది. పిచ్చుకలొచ్చాయి, గోరింకలొచ్చాయి. పావుగంట కాస్తా గంటైంది. పాలు పొంగుతున్నా ఆవిడ కిటికీ దగ్గర్నుంచి కదిలేది కాదు. కోయిల కూయలేదు.

ఒకరోజు పక్కింటి ఎలక్ట్రీషియన్ గోడవతల నుంచి చూసి పలకరించాడు.

"ఏంటక్కా, అంతసేపు నిలబడ్డావు?"

"కోయిల కోసం. ఈసారి ఇంకా కూయలేదు."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. "అదేంటక్కా, కూసేది బావ కదా! బాత్రూం కిటికీలోంచి. నీకు తెలిసే సరదాకి ఊరుకున్నావనుకున్నాం."

"ఆయనా? ఎందుకు?"

"సర్వేకి పంపడం మొదలెట్టిన ఏడు నువ్వు ఎంత ఎదురుచూసినా కూయలేదని మొహం వేలాడేసుకుని తిరిగావట. చూడలేకపోయాడట."

పెద్దమ్మ స్టవ్ కట్టేసింది. నాకు మాత్రం వీధి మీదంతా ఒళ్ళు మండింది. అందరికీ చెవులున్నాయి, చెప్పడానికి నోళ్ళే లేవు.

ఆ వారంలోనే సర్వే ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. పెద్దమ్మ చేతిలో గుడ్డా సూదీ ఉన్నాయి, స్పీకర్ నేనే పెట్టాను.

"మేడమ్, కోయిల గడి ఖాళీగా వదిలేశారు. ఈ ఏడు ఉందా, లేదా?"

పెద్దమ్మ కిటికీలోంచి దానిమ్మ వంక చూసింది.

"లేరు" అంది.

"లేదు అనాండీ?"

"లేరమ్మా. వెనకటేళ్ళవి కూడా కొట్టెయ్. అవన్నీ మావారే."

అవతల ఆ అమ్మాయి హలో, హలో అంటూనే ఉంది. కుడుతున్న కర్టెన్ మొహానికి అడ్డం పెట్టుకుని పెద్దమ్మ ఏడ్చింది.