చివరి పేజీలో రాసుకున్న పాస్‌వర్డ్

ఇరవై ఏళ్ళు దాటింది. ఎనిమిది అక్షరాల పాస్‌వర్డ్ ఒకటి నా లోపల కూర్చుని ఉంది. ఇప్పుడది ఏ తలుపూ తెరవదు. అయినా పోదు. మా ఆవిడకు చెప్పలేదు. యాదగిరిగుట్ట మెట్లు ఎన్నిసార్లు ఎక్కినా ఆ దేవుడి ముందు కూడా నోరు తెరవలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. చదువుతున్నప్పుడు మీ ముఖం ఎలా మారుతుందో నేను చూడక్కర్లేదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

తొంభైల చివర్లో చిట్యాలలో, హైవే పక్కన, నాకు నెట్ సెంటర్ ఉండేది. మూడు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు. ఫోను లైను కలిసేటప్పుడు మోడెం డబ్బా చేసే కూత విని పక్క హోటల్లో చాయ్ తాగేవాళ్ళు లోపలికి తొంగి చూసేవారు. మెయిల్ ఐడీ అప్పట్లో పెద్ద వింత. ఎవరో ఎక్కడినుంచో ఊరికే ఇస్తున్నారంటే జనం నమ్మేవారు కాదు. అందరి ఐడీలూ నేనే తెరిచేవాణ్ణి. పాస్‌వర్డ్ కూడా నేనే పెట్టి ఒక పొడుగు రిజిస్టర్‌లో రాసేవాణ్ణి, ఎందుకంటే అది ఒక్కరికీ గుర్తుండేది కాదు. లారీ డ్రైవర్లు గుమ్మంలోంచే "తమ్మీ, నా పాస్‌వర్డ్ ఏముండె?" అని అరిచేవారు. అంతమంది ముందే చదివి చెప్పేవాణ్ణి. ఎవరూ తప్పు పట్టలేదు. వాళ్ళకు సుఖం, నాకు గిరాకీ. ఊరందరి తాళంచెవులు ఒకడి మొలతాడుకే ఉంటే వాడికెలా ఉంటుందో తెలుసా? బాగుంటుంది. దాచడమెందుకు, చాలా బాగుంటుంది.

వద్దన్నవాడు యాకూబ్ భాయ్ ఒక్కడే.

మా దగ్గరి ఒక మందుల ఫ్యాక్టరీలో ఆయన ల్యాబు సీసాలు కడిగేవాడు. ఫ్యాక్టరీ నీళ్ళు వాగులోకి వదులుతుంటే ఆయన ఊళ్ళో బావి నీళ్ళు పలచటి చాయ్ రంగుకు తిరిగాయి. అంతకుముందు ఎవరో పేపరుకు ఉత్తరం రాస్తే ఫ్యాక్టరీవాళ్ళు దస్తూరీ చూసి పట్టుకున్నారట. అందుకని ఆయన మెయిల్ కోసం వచ్చాడు. ఒంటి వేలితో, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకునేవాడు. మొదటి రోజు ఆయన అడిగింది నాకు ప్రతి మాటా గుర్తుంది.

"తమ్మీ, పైస తీస్కోకుంట ఇస్తున్నరంటె, లోపల ఏం రాసినమో వాళ్ళు సదువరా?"

"ఏడనో సముద్రాలవతల ఉన్నోళ్ళకు మీ బాయి నీళ్ళతోని ఏం పని భాయ్? ఫికర్ చెయ్యకు."

"అయితె సరె. గని నా పాస్‌వర్డ్ నేనే పెట్టుకుంట. నీ బుక్కుల రాయకు."

"రాయను భాయ్. నీ మీదొట్టు."

ఆయన నా భుజం తట్టాడు. కొడుతున్నప్పుడు నేను కీబోర్డు వైపు చూశాను. ఆయన వెళ్ళగానే రిజిస్టర్ చివరి పేజీ తిప్పి రాసుకున్నాను. ఎందుకు రాశాను? రేపు మరిచిపోయి వస్తాడు, ఆయన మంచికే, అనుకున్నాను. ఇప్పుడు అడిగితే ఏం చెప్పను? అందరివీ నా దగ్గరుండి ఆయనదొక్కటి లేకపోవడం నాకు నచ్చలేదు. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

చదివాను. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఆయన మెయిళ్ళన్నీ చదివాను. ఏ డ్రమ్ములు ఏ రోజు వాగులోకి వంచుతున్నారో పేపరు విలేకరికి రాసేవాడు. పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉండేది. నాకు ఆయనంటే గౌరవం పెరిగింది కూడా. గౌరవించే మనిషి జేబులో చెయ్యి పెట్టి వెతకడం ఎలా కుదిరిందో నాకిప్పటికీ అర్థం కాదు.

పేపర్లో వార్త పడింది. మా అక్క మొగుడు, మా బావ, అదే ఫ్యాక్టరీలో గేటు సూపర్‌వైజరు. లోపలి సంగతులు బయటకు మోస్తున్నది బావేనని యాజమాన్యం అనుమానపడింది. రెండు రోజుల్లో మనిషిని చూపించకపోతే నౌకరి ఊడుతుందన్నారట. బావ మా సెంటరుకొచ్చి, ఈ మెయిళ్ళు ఇక్కడినుంచే పోతున్నాయేమో చూడమని చేతులు పట్టుకున్నాడు. అక్క ముఖం కళ్ళముందు ఆడింది. "రాసేది యాకూబ్ భాయ్, బావా" అన్నాను. చూడాల్సిన అవసరం కూడా రాలేదు, అప్పటికే తెలుసు కాబట్టి. అక్క కోసమే చెప్పానని చాలా ఏళ్ళు నన్ను నేను సముదాయించుకున్నాను. అక్క సంసారం నిలవడానికి ఎవరో ఒకరి పేరు కావాలి, నిజమే. కానీ నాకు తెలుసునని చూపించుకునే అవకాశం దొరికినప్పుడు నాలుక ఎంత తొందరగా కదిలిందో అది నాకు మాత్రమే తెలుసు.

యాకూబ్ భాయ్‌ని పనిలోంచి తీసెయ్యలేదు. అది చూసే నాకు భయం వేసింది. తీసేస్తే గొడవ అవుతుందని ఊరుకున్నారనుకున్నాను. ఆయన మామూలుగానే సెంటరుకు వచ్చేవాడు. కాకపోతే తలుపు వైపు ముఖం పెట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి కరెంటు పోతే ఉలిక్కిపడి లేచాడు. "ఏమైంది భాయ్" అని అడగాల్సింది. చాయ్ తెప్పించాను.

ఒక సోమవారం పొద్దున, సీసాలో బావి నీళ్ళు పట్టుకుని, నల్లగొండలో కలెక్టరుకు చూపిస్తానని ఆయన ఇంట్లోంచి బయలుదేరాడు. కలెక్టరాఫీసుకు చేరలేదు. ఇంటికి రాలేదు. సైకిల్ మాత్రం చిట్యాల బస్టాండులో తాళం వేసి ఉంది. ఎక్కడికో పోయుంటాడు, వస్తాడులే అని స్టేషన్‌లో చెప్పి పంపించారు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన భార్య జైనబక్క వచ్చింది. ఆమె సెంటరు గడప తొక్కడం అదే మొదటిసారి.

"తమ్మీ, ఆయన గిండ్ల ఏమేమొ రాస్తుండె గద. జర తెరిచి సూడు. యాడికి పోయిండో, ఎవరేమన్నరో రాసిండేమొ."

రిజిస్టర్ నా మోచేతి కిందే ఉంది.

"పాస్‌వర్డ్ తెల్వదక్కా. ఆయన రాయనియ్యలె" అన్నాను.

ఆమె నన్ను తప్పు పట్టలేదు. "అవునవును. నువ్వు ఒట్టు పెట్టి రాయలేదని ఇంట్ల చెప్పిండు. మంచి పోరడు అన్నడు" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. నా నిజాయితీ ఆమెకు ఆరోజు ఎంత చేటు చేసిందో చూడండి.

ఆమె వీధి మలుపు తిరిగాక తెరిచాను. పంపకుండా దాచిపెట్టిన మెయిల్ ఒకటుంది. పోయిన శనివారం నుంచి ఇద్దరు తన వెంట తిరుగుతున్నారని, తనకేమన్నా అయితే వాళ్ళనడగాలని రాశాడు. పేర్లు రాశాడు. ఒక పేరు నేనెరగను. రెండోది మా బావది.

బావ ఏం చేశాడో నాకు తెలియదు. వెంట తిరగడం వరకే చేశాడేమో. అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయపడ్డాను.

ఆ మెయిల్ నేను తుడిచెయ్యలేదు. ఈ మాట చెప్పుకుని కొంతకాలం ఊపిరి పీల్చుకున్నాను. తుడవాల్సిన పనే లేదు. ఊరికే ఇచ్చే మెయిల్‌కు ఒక నియమం ఉండేది. కొన్ని నెలలు ఎవరూ తెరవకపోతే లోపలున్నదంతా ఆ కంపెనీవాళ్ళే తీసేసేవారు. నేను చెయ్యవలసిందల్లా ఏమీ చెయ్యకుండా ఉండడం. జైనబక్క రెండుసార్లు మళ్ళీ వచ్చింది. రెండుసార్లూ అదే జవాబు. నెలలు గడిచాయి. ఇంక చాలనుకున్న రోజున ఆ ఎనిమిది అక్షరాలూ కొట్టి చూశాను. అలాంటి ఖాతా లేదని వచ్చింది. చివరి పేజీ చించి పక్క హోటల్ పొయ్యిలో వేశాను. ఆ మధ్యాహ్నం ఆకలేసింది, కడుపునిండా తిన్నాను. నన్ను నేను అసహ్యించుకోవాలంటే నాకు గుర్తొచ్చేది ఆ భోజనమే.

బావ రెండేళ్ళ క్రితం దవాఖానలో పోయాడు. ఇంక ఎవరిని కాపాడాలి? అక్క ముసలిదైంది, ఆమెకెందుకు చెప్పడం అంటారా? ఆ వంకతో ఇంకో పదేళ్ళు గడపగలను. గడపడం నాకు బాగా వచ్చు.

జైనబక్క బతికే ఉంది. భర్త చనిపోయాడని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆమె ఇంకా గాజులు తీయలేదని విన్నాను. నేను ఆమె ఇంటి దాకా పోలేదు, పోతానని మాటివ్వను, ఒకసారి ఇచ్చిన మాట ఏమైందో చూశారు కదా. ఆ రోజు ఆమె అడిగినదానికి అనాల్సింది మాత్రం ఇక్కడ అంటున్నాను. ఒక్కసారైనా నా నోటినుంచి రావాలి.

నాకు తెలుసక్కా. నువ్వడిగినప్పుడు కూడా తెలుసు.