సుభద్రమ్మ రాసిన ఉత్తరం

మొన్న ఆదోని బజారులో చీర కొందామని ఒక అంగడికి వెళ్ళాను. అంగడి ఆయన నేత చీర మడత విప్పి నా ముందు పరిచాడు. ఇంకా నీళ్ళు తగలని చీర. గంజి వాసన గుప్పుమంది. ఎమ్మిగనూరులో పొద్దున్నే వీధి పొడుగునా పడుగు నూలు కట్టి గంజి పట్టిస్తుంటే వచ్చే వాసన అది. ఆ వీధుల్లో నన్ను వెంటబెట్టుకుని తిరిగిన సుభద్రమ్మ గుర్తొచ్చింది. చీర కొనకుండానే బయటికి వచ్చేశాను.

డిగ్రీ అయిన ఏడు నాకు ఎమ్మిగనూరులో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం దొరికింది. రోజూ ఆదోని నుంచి బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. ఆ ఆఫీసుకు పెద్ద సుభద్రమ్మ. నేతవాళ్ళ ఇంట పుట్టి, పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే, నూలు కండెలు చుట్టుకుంటూ ప్రైవేటుగా పదో తరగతి పాసయి, ఆ కుర్చీ దాకా వచ్చిన మనిషి. మేము నడిపేది పొదుపు పథకం. పేద కుటుంబం మూడేళ్ళు నెలనెలా ఎంతో కొంత దాచుకుంటే, గడువు తీరిన రోజు సంస్థ అంతే మొత్తం కలిపి ఇస్తుంది. మగ్గానికో, గదికో, పిల్లల చదువుకో. మధ్యలో తీస్తే మాత్రం దాచుకున్నదే వస్తుంది, సంస్థ వాటా రాదు.

మొదటి నెల నాకు అప్పగించిన వీధిలో అందరూ తప్పకుండా కట్టారు. పాసుబుక్కులు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, మెచ్చుకుంటుందని నిలబడ్డాను. ఆమె వాటిని తెరవనైనా తెరవలేదు.

"అందరూ కట్టినారు, సరే. ఏం తిని కట్టినారో సూసినావా పాపా?"

అప్పటికప్పుడే నన్ను ఒక ఇంటికి తీసుకుపోయింది. మధ్యాహ్నం భోజనాల వేళ. పొయ్యి రాజెయ్యలేదు. ఇంటావిడ బొరుగులు నీళ్ళలో తడిపి పిల్లలకు పెడుతోంది. సుభద్రమ్మ ఆమెతో చాలాసేపు ఊరి సంగతులు మాట్లాడి, లేవబోయే ముందు, "వచ్చే నెల కట్టొద్దులే. పైన నేను సెప్పుకుంటా" అంది. బయటికొచ్చాక నాతో, "బుక్కులో అంతా ఉండదు. ఇంట్లోకి పోయి సూడాల" అంది. పెద్దవాళ్ళు చెప్పే మాటలన్నీ విన్నట్టే ఇదీ విని వదిలేశాను.

నరసింహులు, ఈరమ్మ దంపతులు నా వీధిలోనే ఉండేవాళ్ళు. సావుకారు మగ్గం మీద కూలికి నేసేవాడు అతను. సొంత మగ్గం కోసం దాస్తున్నారు. ఒక్క నెలా తప్పలేదు. గడువుకు ఇంక మూడు నెలలున్నాయనగా ఈరమ్మ ఒక్కతే ఆఫీసుకు వచ్చింది. ఆ రోజు సుభద్రమ్మ లేదు, కౌతాళంలో చెల్లెలి ఇంటికి వెళ్ళింది.

"ఇప్పుడే తీసుకుంటే ఏమైతాది మేడం?"

"మీరు కట్టిందే వస్తాది, మా వాటా రాదు. ఇన్నాళ్ళు కట్టి ఇప్పుడెవరన్నా తీస్తారా? మూడు నెల్లే గదా, ఓర్చుకోండి."

ఆమె గడపలో నిలబడి కొంగు చివర వేలికి చుట్టుకుంది. "అంతేనంటారా?"

"అంతే."

వెళ్ళిపోయింది. ఎందుకు కావాలని నేను అడగలేదు. ఆమెకు నష్టం రాకుండా కాపాడానని బస్సులో ఇంటికి పోతూ సంతోషపడ్డాను కూడా.

నరసింహులుకు అప్పటికే దగ్గితే రక్తం పడుతోంది. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించాలని ఆమె వచ్చింది. మందులు ఊరికే ఇచ్చినా, ఇద్దరూ అక్కడ ఉండి తినాలి, ఇక్కడ కూలి ఆగిపోతుంది. నేనన్న మాట ఇంటికి పోయి చెబితే అతనే, "మూడు నెల్లే గదా, మగ్గం వచ్చినాక పోదాం" అన్నాడట. గడువు తీరడానికి తొమ్మిది రోజుల ముందు చనిపోయాడు.

సుభద్రమ్మ నన్ను వాళ్ళింటికి తీసుకుపోయింది. ఇంట్లో వేసిన సావుకారు మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. ఈరమ్మ నన్ను చూసి, "మీరు మా మంచికే సెప్పినార్లే మేడం" అంది. తిట్టినా బాగుండేది. సుభద్రమ్మ చాప మీద ఆమె పక్కన కూర్చుని, వచ్చిన బంధువులందరి ముందు, "మంచేముందిలే ఈరమ్మా. తప్పు మాది" అంది.

దారిలో నేను ఏడుస్తుంటే ఆమె నడక ఆపలేదు. "ఏడ్సేది ఇంటికి పోయి ఏడుసు. రేపట్నించి అన్ని ఇండ్లకూ పోవాల మనం."

పోయాం. ఒంట్లో బాగలేకుంటే ముందు డబ్బు తీసుకోండి, మా వాటా సంగతి తర్వాత అని ఇంటింటా చెప్పింది. చాలామంది తీసుకున్నారు. పైవాళ్ళకు అది నచ్చలేదు. నరసింహులు సంగతి కూడా ఎత్తి సంజాయిషీ అడిగారు. రెండు నెలలకు ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు.

ఆమె వెళ్ళాక బల్ల సర్దుతుంటే ఆ సంజాయిషీ ఉత్తరం నకలు దొరికింది. "నరసింహులు భార్యను ఆగమని చెప్పింది నేనే" అని ఆమె గుండ్రటి చేతిరాత. నిజం రాసి నేను పైకి పంపవచ్చు. పంపలేదు. మా నాన్నకు పత్తి జిన్నింగు మిల్లులో పని పోయింది; నా జీతంతోనే ఇల్లు నడుస్తోంది. ఆ కాగితం మడిచి నా సంచిలో పెట్టుకున్నాను.

ఈరమ్మకు మొత్తం డబ్బు వచ్చింది, సంస్థ వాటాతో సహా. మగ్గం కొనలేదు. పిల్లల్ని తీసుకుని గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోయింది. మళ్ళీ రాలేదు.

కొన్నేళ్ళకు కౌతాళం వెళ్ళి సుభద్రమ్మను కలిశాను. ఆ వయసులో పత్తి ఏరడానికి కూలికి పోతోంది. వేళ్ళ చివర్లు పత్తికాయ గీరుకుని పగిలి ఉన్నాయి. ఉత్తరం చూశానని, చూసి కూడా నోరు మూసుకున్నానని చెప్పాను.

"తెలుసు పాపా. ఆ పొద్దు మీ ఇల్లు జరగాల గదా" అంది. లేచి లోపలికి పోతూ, "మా ఇల్లూ జరగాల్సుండె" అంది.

మజ్జిగ ఇచ్చింది. తాగలేకపోయాను. మరుసటేడు ఆమె పోయింది. నాకు తెలిసేసరికి నెల దాటింది.

ఇప్పుడు ఆదోనిలో ఇట్లాంటి పనే చేస్తున్నాను. ఎవరైనా డబ్బు మధ్యలో తీస్తామని వస్తే కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరికి బాగలేదని అడుగుతాను. కొందరు నీకెందుకని కసురుకుంటారు. అయినా అడుగుతాను. ఇది సుభద్రమ్మ నేర్పిందని అందరికీ చెప్పుకుంటాను. నలుగురి ముందూ చాప మీద కూర్చుని తప్పు ఒప్పుకోవడం కూడా ఆమె నేర్పింది. అది మాత్రం ఇన్నేళ్ళూ నాకు చేతకాలేదు. ఆ ఉత్తరంలో ఉన్నది అబద్ధం. ఈరమ్మను ఆగమన్నది నేను.