తిరగని చెంచా

ఎర్రనీటిలో చేపకు కళ్ళు పనిచేయవు. ఈ సంగతిని నేను ఎంతమందికి వివరించానో చెప్పలేను. వివరించిన ప్రతిసారీ ఎదుటివాడు తల ఊపి, మరునాడు మళ్ళీ అవే వానపాములు పట్టుకొని కాలువకు వెళ్ళాడు. నందికొట్కూరు దగ్గర మా కాలువకు పైనుంచి కొత్తనీరు వదిలారంటే, కొన్ని వారాలపాటు అది టీ రంగు విడవదు. ఉద్యోగకాలమంతా ఆ కాలువ నీటిమట్టం చదివి పుస్తకంలో రాసినవాణ్ణి. ఆ రంగు గురించి నాకు ఎవరూ నేర్పనక్కరలేదు. అటువంటి నీటిలో కొర్రమీను కదలికను ఒంటితోనే పసిగడుతుంది. కనుక నీళ్ళు అదిరేలా తిరిగే ఎర కావాలి.

అయితే ఈ వయసులో నేను పెరట్లో కూర్చొని సీసం కరిగించింది కొర్రమీను మీద మోజుతో కాదు. మా బావ కోసం. ఆయన నా భార్యకు అన్న. ఏళ్ళ తరబడి ఆదివారం పొద్దున మేమిద్దరం ఆ గట్టు మీదే ఉండేవాళ్ళం. నిరుడు ఆయనకు పక్షవాతం వచ్చి తగ్గింది గాని, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలవడం మానేశాయి. పిడికిలి బిగుస్తుంది, రీలు తిప్పగలడు. కొక్కేనికి వానపామును మాత్రం గుచ్చలేడు. నేను గుచ్చి ఇస్తానంటే ముఖం తిప్పుకున్నాడు.

“ఇంగొకరు ఎర గుచ్చిస్తే నేను పట్టేదేముండాదప్పా? గాలం కట్టె పట్టుకొని కూసునేకి నేనేమన్నా దిష్టిబొమ్మనా?”

ఆనాటినుంచి గట్టుకు రావడం మానేశాడు. వరండాలో మంచం మీద కూర్చొని, దారిన పోయేవాళ్ళ నడకలకు వంకలు పెడుతూ పొద్దుపుచ్చసాగాడు. అది చూడలేక ఈ పనికి పూనుకున్నాను.

సైకిలు చక్రం స్పోకును తెరిచిన పిన్నీసులా వంచాను. కింది కొసకు కొక్కెం పెట్టి, దాని మెడ చుట్టూ సీసం పోశాను. పాత ట్యూబును సన్నని పోగులుగా కోసి, కొక్కేన్ని దాచేలా కుచ్చుగా కట్టాను. పై కొసకు స్టీలు చెంచా. కాడ కోసేసి, సన్నటి అంచు దగ్గర రంధ్రం చేసి, చిన్న ఇత్తడి కీలుతో వేలాడదీశాను. దారం లాగుతూ ఉంటే ఆ కీలు మీద చెంచా గిరగిరా తిరగాలి. ఒకసారి కట్టుకుంటే గుచ్చే పనే లేదు. పెరట్లో నీళ్ళ తొట్టెలో లాగి చూస్తే చక్కగా తిరిగింది. రిటైరైనా మానని నా పుస్తకంలో ఆ మాటే రాసి, కింద గీత గీశాను.

కాలువలో తిరగలేదు.

మొదటి ఆదివారం బతిమాలి తీసుకువెళ్ళిన బావ, ఆ చెంచా ఎండుటాకులా ఈడ్చుకు రావడం చూసి, దారం చుట్టేసి ఇంటిదారి పట్టాడు. నేను ఇంటికొచ్చి స్పోకు వంపు మార్చి, కొత్త చెంచాతో ఇంకొకటి చేశాను. తొట్టెలో తిరిగింది. రెండో ఆదివారం కాలువలో తిరగలేదు. మళ్ళీ కొత్తది చేసి సీసం తగ్గించాను, చెంచా వెడల్పు తగ్గించాను. తొట్టెలో తిరిగింది. మూడో ఆదివారం కాలువలో తిరగలేదు. నీటి రంగు, వేగం, గాలి దిశ, వంపు, బరువు, అన్నీ ఏ వారానికి ఆ వారం నా పుస్తకంలో ఉన్నాయి. ఇన్ని రాసినవాడికి కారణం దొరకకపోవడం కన్నా ఒళ్ళు మండే విషయం మరొకటి లేదు.

బావ ఈసారి నోరు విప్పాడు. “నీ చెంచా తొట్లోనే తిరుగుతాదంటే, కొర్రమీనును మీ ఇంటికే పిల్సుకొని రావల్లప్పా. వచ్చే వారం గూడ తిరక్కపోతే నా కట్టె టీ అంగడాయప్పకు ఇచ్చేస్తా. పందిరికన్నా పనికొస్తాది.”

అది వట్టి మాట కాదు. టీ అంగడి ఆయనకు కబురు కూడా పెట్టాడని తరువాత తెలిసింది.

నాలుగో ఆదివారానికి మళ్ళీ కొత్త చెంచా, కొత్త కీలు. గడప దగ్గర నా భార్య ఎప్పటిలాగే, “కొత్త పనిముట్టు ఊరికే గడప దాటకూడదు, ఆగండి,” అని పుట్టింటి కుంకుమ డబ్బా తెచ్చింది. గట్టు మీద బావ ఎడమచేత్తో విసిరాడు, కుడి పిడికిలితో రీలు తిప్పాడు. చెంచా ఈడ్చుకుంటూ వచ్చింది. ఆయన దాన్ని కంటికి దగ్గరగా పట్టుకొని, ఎడమచేతి గోటితో పైభాగాన గీరి, వాసన చూశాడు.

“ఏమప్పా, దీనికి బొట్టు పెట్టినాది ఎవురు?”

“ఇంకెవరు, మీ చెల్లెలే. కొత్తదానికి పెట్టదా?”

“ఇది మైనమప్పా. మా అమ్మ కుంకుమ రాలకుండా కింద పూస్తాండె. ఆ డబ్బా ఇంగా ఉండాదా మీ ఇంట్లో?”

నున్నటి స్టీలు మీద కుంకుమ నిలవదని ఆవిడ ముందు మైనం అద్దింది. చెంచాకు నుదురు ఎక్కడుంటుందో అక్కడే అద్దింది. నా కీలు ఉన్నది సరిగ్గా అక్కడే. నీటికి కరగని మైనం కీలును గట్టిగా పట్టేసింది. ఆవిణ్ణి అనడానికి నాకు నోరు లేదు. ప్రతి దసరాకూ కాలువ కొలతపలకకు దగ్గరుండి బొట్టు పెట్టించినవాణ్ణి నేనే. ఇంటినుంచి బయలుదేరే ముందు చొక్కా తొడుక్కున్నానని ఎవరూ పుస్తకంలో రాయరు; ఇదీ అలాగే రాతకు ఎక్కలేదు.

అగ్గిపుల్లతో మైనమంతా గీకేశాను. బావ మళ్ళీ విసిరాడు. రెండు చుట్లు తిప్పగానే నీళ్ళలో చెంచా తిరిగి, కట్టె కొస వణికింది.

“ఏందప్పా ఇది, చెయ్యి జుమ్మంటాండాది,” అన్నాడు. అంటూ కుడిచేతి వంకే చూశాడు. మధ్యాహ్నం దాకా విసురుతూనే ఉన్నాడు. ఒక్క కొర్రమీను తగిలి, నాలుగు రబ్బరు పోగులు తెంపుకొని పోయింది. కట్టె కోసం వచ్చిన టీ అంగడి ఆయన్ను, “నీకెవరు చెప్పినారప్పా ఇస్తానని?” అని కసిరి పంపాడు. నా ఎరను తన జేబులో వేసుకొని, “నీకింగొకటి చేసుకో,” అన్నాడు.

మరుసటి ఆదివారం నేను ఆరుగంటలకు గట్టు చేరేసరికి ఆయన అప్పటికే విసురుతున్నాడు. తల తిప్పకుండా, “ఇదేనా వచ్చేది?” అన్నాడు. నేను వచ్చింది సరిగ్గా చెప్పిన సమయానికే. ఆ సంగతి పుస్తకంలో రాసి పెట్టుకున్నాను.